తంగేడు పువ్వు మీద తుమ్మెద రొద

తంగేడును పెరట్లో పెంచాలని అనుకున్నప్పుడు నేను మొదట చేసిన పని, బీడులో మోకాలెత్తు ఎదిగిన మొక్కను తవ్వి తెచ్చి నాటడం. వారం తిరగకముందే ఆకులన్నీ రాల్చి అది ఎండిపోయింది. తంగేడుకు తల్లివేరు నిటారుగా లోతుకు దిగుతుంది. అది తెగిందంటే పైన ఎన్ని నీళ్లు పోసినా మొక్క కోలుకోవడం కష్టం. ఆ తరువాత ఎండిన కాయలు ఏరుకొచ్చి గింజలతోనే మొదలుపెట్టాను. గింజ పెంకు చాలా గట్టిది కనుక ఒక పక్క గరుకు కాగితం మీద కాస్త అరగదీసి, రాత్రంతా నానబెట్టి, తెల్లవారేసరికి ఉబ్బిన వాటిని మాత్రమే ఏరి, మొక్క చివరికి ఎక్కడ ఉండాలో అక్కడే నేరుగా విత్తాను. రోజంతా ఎండ తగలాలి, నీరు నిలవకూడదు. అంతకు మించి అది కోరేదేమీ లేదు. మొదటి ఏడాది వేసవిలో అప్పుడప్పుడు తడి ఇచ్చాను. వేరు దిగాక ఆ అవసరమూ తీరింది.

పూత మొదలైన తరువాత ఉదయాలు ఆ పొద దగ్గరే గడుస్తున్నాయి. తంగేడు పువ్వులో తేనె ఉండదు. వచ్చిన వారికి అది ఇచ్చేది పుప్పొడి ఒక్కటే, అదీ సులువుగా ఇవ్వదు. 5 పసుపు రేకుల నడుమ ఉండే 10 కేసరాలలో పైనున్న 3 చిన్నవి, గొడ్డువి. తక్కిన వాటి పుప్పొడి తిత్తులు చాలా పువ్వులలోలా నిలువునా చీలవు, కొసన సన్నని రంధ్రం మాత్రమే తెరుచుకుంటుంది. నల్లని పెద్ద తుమ్మెద వచ్చి ఆ కేసరాలను కాళ్లతో వాటేసుకొని, రెక్కలు ఆడించకుండానే ఛాతీ కండరాలను అదిరిస్తుంది. ఎగిరేటప్పటి ఝుంకారం వేరు, ఈ రొద వేరు. ఇది సన్నగా, తీవ్రంగా, ఆగి ఆగి వినిపిస్తుంది. ఆ అదురుకు జల్లెడ తట్టినప్పుడు పిండి రాలినట్లు పుప్పొడి రాలి, నల్లని ఒంటి మీద పసుపు చల్లినట్లు కనిపిస్తుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. తుమ్మెద వెళ్లేదాకా ఆగి, రేకుల మీద మిగిలిన పొడిని ఓపికగా ఏరుకుంటుంది.

తేనె లేదు కనుక తంగేడు ఒక్కటే నాటితే తుమ్మెదకు కడుపు నిండదు. అందుకే పక్కనే అడ్డసరం, తులసి పెట్టాను. అడ్డసరం తెల్లని పువ్వులలోకి తుమ్మెద తల దూర్చి చాలాసేపు ఉండిపోవడం ఇప్పుడు రోజూ చూస్తున్నాను.

ఒక పొరపాటు మాత్రం ఇప్పటికీ బాధిస్తుంది. లేత ఆకులను పచ్చని గొంగళిపురుగులు తింటున్నాయని రెండు సార్లు వేపనూనె చల్లాను. అవి లేత పసుపు రెక్కల వలస సీతాకోకచిలుకల పిల్లలని తరువాత తెలిసింది. తంగేడు, రేల వంటి చెట్ల ఆకులే వాటి ఆహారం. పువ్వు కోసం వచ్చే ప్రాణిని పిలిచి, ఆకు కోసం వచ్చే ప్రాణిని చంపడం ఏ విధంగానూ న్యాయం కాదు. ఆ తరువాత మందు జోలికి పోలేదు. తిన్న రెమ్మల పక్కనే కొత్త చిగుళ్లు వస్తున్నాయి, మొక్కకు కలిగిన నష్టమూ ఏమీ లేదు.

కాయలు ఎండాక పొదను మూడో వంతు కత్తిరిస్తాను, అదీ ఒకేసారి కాకుండా ఒక్కో పక్కా కొన్ని వారాల ఎడంతో. తుమ్మెదలు ఎండిన చెక్కను తొలిచి గూడు కట్టుకుంటాయి కనుక, ఒక లావుపాటి ఎండు కొమ్మను గోడవారగా వాన తగలని చోట కట్టి ఉంచాను. పోయిన వారం దాని కింద రంపపు పొడి చిన్న కుప్పగా కనిపించింది. తలెత్తి చూస్తే, కొమ్మ అడుగున చిటికెన వేలు పట్టేంత గుండ్రని రంధ్రం ఉంది; చెవి దగ్గరగా పెడితే లోపల చెక్క కొరుకుతున్న చప్పుడు వినిపించింది.