పాడేరు ఘాట్ కోసం థార్‌ను ట్యూన్ చేయించాను: నా అనుభవం

నా బండి రెండో తరం మహీంద్రా థార్. డీజిల్, మాన్యువల్, ఫోర్ బై ఫోర్. కంపెనీ లెక్క ప్రకారం 130 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం). ఆ టార్క్ 1600 నుంచి 2800 ఆర్‌పీఎం మధ్య దొరుకుతుంది. విశాఖ సిటీలో గానీ, ఆనందపురం–అనకాపల్లి బైపాస్ మీద గానీ ఇది తక్కువైందని ఎప్పుడూ అనిపించలేదు. ఇబ్బందంతా పాడేరు ఘాట్‌లోనే.

ఏజెన్సీ గ్రామాల్లో సోలార్ వీధి దీపాలు, పంపుల మెయింటెనెన్స్ నా పని. వెనక సీటు మడిచేసి బ్యాటరీలు, పనిముట్లు నింపుకుని, పక్కన మా కుర్రాణ్ని కూర్చోబెట్టుకుని పోతుంటాను. గరికబంద దాటాక మలుపుల్లో ముందు బస్సో లారీయో తగిలిందంటే, రెండో గేర్లో కూడా ఆర్‌పీఎం 1200కి పడిపోతుంది. అక్కడి నుంచి టర్బో (ఎగ్జాస్ట్ తోపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని కుదించి పంపే ఫ్యాన్) అందుకునేదాకా బండి మూలుగుతూనే ఉంటుంది. అందుకుంటుందో లేదో, మళ్లీ మలుపు. వంట్లమామిడి చేరేసరికి క్లచ్ కాలు నొప్పెడుతుంది.

టర్బో బండి ఉన్నవాడికి రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చి బలం పెంచడం, చేయించమని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. గాజువాక ఆటోనగర్లో టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు ఎవరో ఒకరు ‘స్టేజ్ వన్ కొట్టించండి అన్నా, 160 హార్స్‌పవర్ దాటుతుంది’ అంటారు. నాకు ఆ 160 అక్కర్లేదు. లోడుతో ఎక్కేటప్పుడు మూడో గేర్ నిలబడితే చాలు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి ట్యూనింగ్ బాక్స్. ఇంజెక్టర్లకు డీజిల్ అందించే కామన్ రెయిల్ మీద ప్రెజర్ సెన్సర్ ఉంటుంది. బాక్స్ ఆ సెన్సర్‌కీ ఇంజిన్ కంప్యూటర్ అయిన ఈసీయూకీ మధ్య దూరి, నిజంగా ఉన్నదాని కన్నా ప్రెజర్ తక్కువగా ఉందని అబద్ధం చెబుతుంది. ఈసీయూ నమ్మి ప్రెజర్ పెంచుతుంది, దాంతో డీజిల్ ఎక్కువ పడుతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పీకేయొచ్చు కాబట్టి వారంటీ ఉన్నవాళ్లు దీనివైపు మొగ్గుతారు. కానీ ఎంత డీజిల్ పడుతోందో ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కే తెలియకపోతే, పొగ ఎంత వస్తుందో, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్‌లో ఎంత పేరుకుందో అది వేసుకునే లెక్కలన్నీ తప్పుతాయి. నాకది నచ్చలేదు.

రెండోది ఈసీయూలోని మ్యాపులనే మార్చడం. ఏ ఆర్‌పీఎంలో, పెడల్ ఎంత తొక్కితే ఎంత డీజిల్, ఎంత బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి), ఇంజెక్షన్ ఎప్పుడు అనే పట్టికలే ఈ మ్యాపులు. అవి హద్దు దాటకుండా టార్క్ లిమిటర్, స్మోక్ లిమిటర్ అని వేరే పట్టికలు కాపలా ఉంటాయి. మంచి ట్యూనర్ వీటన్నిటినీ ఒకదానికొకటి పొసగేలా మారుస్తాడు. తొందరపాటు మనిషి డీజిల్ పెంచి, కాపలాని తీసేసి, ‘అయిపోయింది’ అంటాడు. మనకు రోడ్డు మీద కనిపించే నల్లపొగ బళ్లలో చాలావరకు ఇలాంటి తొందరపాటు చేతులు పడ్డవే.

నేను వెళ్లిన షాపు కుర్రాడు ఈసీయూలో ఫైల్ చదివి కోయంబత్తూరులో ఉన్న తన గురువుకి పంపిస్తాడు. ఆయన మార్చి తిప్పి పంపితే ఇతను ఎక్కిస్తాడు. ఇలా నడిచే షాపులు చాలానే ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఫైల్ రాసే మనిషితో మాట్లాడకుండా పని మొదలుపెట్టొద్దన్నాను. ఫోన్ కలిపాడు. ఆయనది తమిళం, నాది తెలుగు, మధ్యలో ఇంగ్లిష్ ముక్కలు. టార్క్, బూస్ట్ అన్న మాటలకు ఏ భాషైనా ఒకటే కాబట్టి బండి నడిచింది.

నేను అడిగినవి ఇవీ. టార్క్ 340 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగాలి. 1500 ఆర్‌పీఎం కింద పెంచొద్దు. ఎత్తుకి సంబంధించిన దిద్దుబాటు పట్టికను ముట్టుకోవద్దు. డీపీఎఫ్, ఈజీఆర్ (ఎగ్జాస్ట్‌లో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) ఎలా ఉన్నవి అలాగే ఉండాలి.

ఆయన 370 దాకా ఇస్తానన్నాడు. వద్దన్నాను. నా క్లచ్ 300కి తగ్గట్టు వచ్చింది, దానికీ ఒక ఓపిక ఉంటుంది. 1500 కింద ఎందుకు వద్దన్నానంటే, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఒక్కో పేలుడు దెబ్బ కనెక్టింగ్ రాడ్ల మీద, బేరింగుల మీద, ఫ్లైవీల్ మీద సుత్తిపోటులా పడుతుంది. పైగా 1200 దగ్గర టర్బోని తిప్పడానికి సరిపడా ఎగ్జాస్టే ఉండదు. ఏ ఫైలూ అక్కడ లేని గాలిని పుట్టించలేదు. గాలి లేకుండా డీజిల్ పోస్తే వచ్చేది మసి. ‘అడుగు నుంచే పికప్’ అని అమ్మేవాళ్లను నేను నమ్మనిది ఇందుకే.

ఎత్తు సంగతి మనలాగా సముద్రం ఒడ్డు నుంచి కొండెక్కేవాళ్లు తప్పక అడగాలి. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పీడనం బీచ్ రోడ్డు కన్నా పది శాతం దాకా తక్కువ. అదే బూస్ట్ కావాలంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి. కంపెనీ మ్యాపులో బయటి పీడనం తగ్గేకొద్దీ బూస్ట్‌ను కొంత వెనక్కి లాగే ఏర్పాటు ఉంటుంది. కింద అద్భుతంగా నడిచే ఫైల్‌లో ఆ ఏర్పాటు తీసేసి ఉంటే, పైన టర్బో తన హద్దు దాటి తిరుగుతుంది. అది చెడిపోయేదాకా డ్రైవరుకు తెలియదు.

డీపీఎఫ్ ‘ఆఫ్’ చేస్తే ఇంజిన్ ఫ్రీ అవుతుందని షాపు కుర్రాడు ఒకటికి రెండుసార్లు అన్నాడు. మా పిల్లలు పీల్చే గాలి అది, పైగా బీఎస్ సిక్స్ బండికి అది పీకడం నేరం. ఆ మాట అక్కడితో ఆపేశాం. ‘అందరూ ఎక్కువ అడుగుతారన్నా, మీరేంటి తగ్గించమంటారు’ అని నవ్వాడు.

ఫైల్ ఎక్కించే ముందు బండిని నేను ఎప్పుడూ చూపించే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ‘ఏటి బాబూ, ఒంట్లో జబ్బుందో లేదో చూడకుండానే బలం మందు పోసేస్తారేటి?’ అన్నాడు. ఆ మాటే ఈ పని మొత్తంలో నాకు పనికొచ్చిన సలహా. ఎయిర్ ఫిల్టర్ తీస్తే ఏజెన్సీ ఎర్రమట్టి దట్టంగా పట్టి ఉంది, కొత్తది వేశాం. స్కానర్ పెట్టి నాలుగు ఇంజెక్టర్ల కరెక్షన్ విలువలు, అంటే ఒక్కోదాని డీజిల్‌ను ఈసీయూ ఎంత సరిదిద్దుతోందో చూశాడు. ఏ ఒక్కటీ మిగతావాటికి దూరంగా లేదు. తర్వాత గాలి వెళ్లే దారిలోకి పొగ కొట్టి చూస్తే, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ క్లాంపు దగ్గర సన్నగా బయటికి వచ్చింది. ఆ చోట నూనె తడి కూడా ఉంది. అంటే టర్బో కష్టపడి కుదించిన గాలిలో కొంత అక్కడే కారిపోతోంది. క్లాంపు మార్చాక బండి కొంచెం మెరుగైంది కూడా. వందల్లో అయ్యే పని. చాలామందికి రీమ్యాప్ కన్నా ముందు ఇది అవసరమని నా అభిప్రాయం.

క్లచ్ పరీక్ష రోడ్డు మీదే. పై గేర్లో తక్కువ ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. వేగం పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు ఒక్కటే లేచిందంటే క్లచ్ జారుతున్నట్టు. నాది జారలేదు.

టైర్ల గురించి కూడా ఒక మాట. నావి కంపెనీ సైజే, 255/65 ఆర్18. అందం కోసం 33 అంగుళాల టైర్లు వేసి, తర్వాత బండి లాగడం లేదని ట్యూనింగ్‌కి వచ్చేవాళ్లున్నారు. టైరు చుట్టుకొలత ఆరు శాతం పెరిగితే నేలకు అందే బలం ఆ మేరకు తగ్గుతుంది, బరువు అదనం. వాళ్లు ట్యూనింగ్‌లో కొనుక్కునేదాంట్లో కొంత టైర్లకే పోతుంది.

ఎక్కించేటప్పుడు నాకు టెన్షన్ పెట్టిన విషయం బ్యాటరీ ఒక్కటే. ఓబీడీ పోర్ట్ (స్కానర్ తగిలించే సాకెట్) ద్వారా ఫైల్ రాస్తున్నప్పుడు ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటుంది, ఇంజిన్ నడవదు. మధ్యలో ఓల్టేజ్ పడిపోతే ఈసీయూ సగం రాసిన ఫైల్‌తో మొండికేస్తుంది, అప్పుడు దాన్ని విప్పి బెంచ్ మీద బతికించాలి. షాపులో బ్యాటరీకి చార్జర్ తగిలించారు. ఏసీ, లైట్లు, మ్యూజిక్ అన్నీ ఆపించారు. ముందుగా అసలు ఫైల్ కాపీ నా పెన్‌డ్రైవ్‌లో వేయించుకున్నాను. అడిగితే ఇస్తారు, అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు.

మొదటి ఫైల్‌తో వెంటనే తేడా తెలిసింది, కానీ దాంతో సరిపెట్టుకోలేదు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, వేగ పరిమితి లోపలే, మూడో గేర్లో 1500 నుంచి పైకి లాగుతూ ల్యాప్‌టాప్‌లో లాగ్ తీశాం. ఈసీయూ అడిగిన బూస్ట్, నిజంగా వచ్చిన బూస్ట్, అడిగిన రెయిల్ ప్రెజర్, వచ్చిన ప్రెజర్, ఎగ్జాస్ట్ వేడి. 2000 దగ్గర బూస్ట్ అడిగినదాన్ని దాటి ఎగిరి, మళ్లీ కిందికి వస్తోంది. 1500 దగ్గర ఒక్కసారిగా తొక్కితే అద్దంలో నల్లగా చిన్న పొగ. లాగ్ కోయంబత్తూరు పంపితే, బూస్ట్ ఎక్కే వాలు తగ్గించి, ఆ చోట స్మోక్ లిమిటర్‌ను దాదాపు పాత స్థాయికి తెచ్చి కొత్త ఫైల్ పంపాడు. పొగ పోయింది. లాగ్‌లో అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ గీతలు రెండూ కలిసి నడిచాయి. ఎన్ని హార్స్‌పవర్లు వచ్చాయని అందరూ అడుగుతున్నారు. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద ఎక్కించలేదు కాబట్టి నేను అంకె చెప్పను.

ఇక ఘాట్. లోడుతో ఎక్కినప్పుడు 1600 పైన ఉంటే మూడో గేర్ వదలక్కర్లేదు. 1300 కింద పడితే మాత్రం బండి ఇదివరకటిలాగే ఉంటుంది, గేరు దించాల్సిందే. ముందే తెలుసు కాబట్టి నిరాశ లేదు. మలుపుల మధ్య గేరు మార్చే పని బాగా తగ్గింది. ఎండాకాలం నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఇంటర్‌కూలర్‌కి గాలి తగలదు, లోపలికి వెళ్లే గాలి వేడెక్కుతుంది, అప్పుడు లాగడం కొంచెం మందగిస్తుంది. పైకి చేరాక ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్‌ను అలాగే ఉంచి ఆపుతాను. వేడి మీద ఆపేస్తే టర్బో బేరింగ్ దగ్గర ఆయిల్ మాడి గట్టిపడుతుంది. మైలేజీలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. డీపీఎఫ్ తనలోని మసిని ఒకసారి కాల్చుకున్నాక మళ్లీ కాల్చుకునేదాకా నడిచే దూరం కూడా మునుపటిలాగే ఉంది. ఆ పొగను వదిలేసి ఉంటే ఇది మారిపోయేదని అనుకుంటున్నాను.

తారు రోడ్డు దిగాక కథ వేరు. ముంచింగిపుట్టు వైపు వానాకాలం బురద మెరకల్లో పెరిగిన టార్క్ సాయం చేయదు. ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలకూ బలమిచ్చే లో రేంజ్ గేరు) వేస్తే ఆ గేరింగే టార్క్‌ను ఎన్నో రెట్లు చేస్తుంది, ఇంకా తొక్కితే చక్రం తిరుగుతుందే తప్ప బండి కదలదు. బూస్ట్ మెల్లగా ఎక్కేలా చేయించడం అక్కడే కలిసొచ్చింది. పెడల్‌కి కొలిచినట్టు స్పందిస్తుంది. 370 ఫైల్ ఉన్న ఒక మిత్రుడి బండి అదే మెరకలో చక్రాలు గిర్రున తిప్పుకుంటూ పక్కకి జారడం చూశాను.

ఖర్చు అన్నీ కలిపి ముప్పై అయిదు వేల దగ్గర అయింది. వారంటీ అప్పటికే ముగిసింది, లేకపోతే ఈ పని పెట్టుకునేవాణ్ని కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. షాపుల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. ఇన్సూరెన్స్ వాళ్లకు నేను రాతపూర్వకంగా తెలియజేశాను. ప్రీమియం పెరిగినా సరే, క్లెయిమ్ రోజున వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు. పొల్యూషన్ పరీక్ష మళ్లీ చేయించాను, పాసైంది.

సర్వీసుకి ఇచ్చేటప్పుడు ఈసీయూ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయొద్దని జాబ్ కార్డు మీద రాయిస్తాను, చేస్తే ఈ ఫైల్ చెరిగిపోతుంది. బండి అమ్మే రోజు వస్తే పెన్‌డ్రైవ్‌లో ఉన్న అసలు ఫైల్ ఎక్కించే ఇస్తాను. దాని కాపీ ఇంట్లో ఇంకొకటి ఉంది.