కోడికి పేరు పెడితే

"కోడికి పేరు పెడితే కూరెలా వండుతావే?" అంది మా అమ్మ ఫోన్లో. మా పిల్లలు తెచ్చుకున్న నాలుగు కోడిపిల్లలకీ లడ్డు, సమోసా, పెప్పర్, నగెట్ అని పేర్లు పెట్టారని చెప్పిన రోజు సంగతిది. చివరి పేరు మా పదేళ్ల అమ్మాయి పెట్టింది. నగెట్ అంటే వేయించిన చికెన్ ముక్క అని తెలిసే పెట్టింది.

మేముండేది నార్త్ కరొలైనాలో, రాలీ దగ్గర. హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల సంఘం ఆంక్షల గొడవ లేని పాత ఇల్లు, వెనకంతా చెట్లు. అమ్మాయి రెండో క్లాసులో ఉన్నప్పుడు బళ్లో ఇంక్యుబేటర్ పెట్టి, 21 రోజులకి గుడ్లలోంచి పిల్లలు రావడం చూపించారు. అప్పటినుంచీ ఇంట్లో ఒకటే పోరు. 2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర ఆరు డాలర్లు దాటేసరికి మావారు కూడా కూతురి పక్షాన చేరిపోయారు. గూటికి పెట్టిన డబ్బుతో ఎన్నేళ్ల గుడ్లు కొనొచ్చో మాత్రం ఆయన్ని అడక్కండి.

నేను తణుకు పక్కన పల్లెలో పెరిగాను. కోళ్ల గురించి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి మా అమ్మ నూకలు చల్లి కోళ్లని పోగేసి, గంప కింద మూసి, పైన పొత్రం పెట్టేది. మా సెక్యూరిటీ అంతే. పిల్లి వచ్చినా ముంగిస వచ్చినా వీధి కుక్క మొరిగేది, అరుగు మీద పడుకున్న నాన్న కర్ర పట్టుకుని లేచేవారు. ఇక్కడ తలుపులన్నీ మూసి ఏసీలో పడుకుంటాం. పెరట్లో ప్రళయం వచ్చినా వినబడదు.

ఆన్‌లైన్‌లో తెప్పించిన గూడు బొమ్మరిల్లులా ముద్దుగా ఉంది. చుట్టూ చికెన్ వైర్ అనే సన్నతీగల వల, తలుపుకి ఒక బుల్లి కొక్కెం. కృష్ణాష్టమి అయిన వారానికి ఒక పొద్దున వెళ్లి చూస్తే వైర్ ఒక మూల చీలిపోయి ఉంది. గూటి బయట లడ్డు... పిల్లలు లేచి వచ్చేలోపు తువ్వాలు కప్పేశాను.

ఆ సాయంత్రం అమ్మకి వీడియో కాల్ చేశాం. అయ్యో అయ్యో అని రెండుసార్లు అని, "మిగిలింది కూర చేశారా?" అని అడిగింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. అమ్మాయి లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అమ్మమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇద్దరి మధ్యా నేను. అమ్మది రాతి గుండె కాదు. పొదిగే పెట్ట దగ్గరికి మమ్మల్ని గట్టిగా మాట్లాడుతూ రానిచ్చేది కాదు. జబ్బు చేసిన కోడిని ఒళ్లో పెట్టుకుని చుక్క చుక్కగా నీళ్లు పట్టేది. పండక్కి అల్లుడొస్తే ఆ చేతులతోనే కోసేది. నాకిందులో వింతేమీ లేదు, అదే పెరట్లో పెరిగాను కాబట్టి. దాన్ని నా కూతురికి చెప్పబోతే మాటలు కుదరలేదు. మరి నువ్వు కొట్లో కొన్న చికెన్ తింటున్నావు కదా అనబోయి, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన దాని మొహం చూసి మానేశాను. ఓక్ చెట్టు కింద గొయ్యి తీసి పూడ్చాం. చంపింది ఇక్కడ రాత్రిళ్లు తిరిగే రకూన్ అనే అడవి జంతువు అయితే రేబిస్ భయం ఉంటుందని చేతికి గ్లవ్స్ మాత్రం వేసుకున్నాం.

చంపిందెవరో తేల్చాలని అమ్మాయి పట్టు పట్టింది. మిగిలిన మూడింటినీ గరాజ్‌లో కుక్కల బోనులో పెట్టి, కృష్ణుడి పాదాలు వేయగా మిగిలిన బియ్యప్పిండిని గూడు చుట్టూ జల్లాం. పొద్దున చూస్తే పిండి నిండా అచ్చులు. ఐదేసి వేళ్లతో, పసిపిల్లల అరచేతుల్లా ఉన్నాయి. "అమ్మా, కృష్ణుడు మళ్లీ వచ్చాడా?" అన్నాడు మా ఆరేళ్ల వాడు. "రకూన్" అంది వాళ్లక్క. నవ్వలేదు.

అప్పుడు కానీ నాకు అసలు సంగతి తెలియలేదు. చికెన్ వైర్ కోడిని లోపల ఉంచడానికే కానీ, రకూన్‌ని ఆపడానికి కాదు. దాన్ని చింపేస్తుంది, లేదా కన్నంలోంచి చెయ్యి పెట్టి అందిన కోడిని అందినట్టే లాగుతుంది. హార్డ్‌వేర్ క్లాత్ అని వేరే ఉంటుంది. పేరుకే క్లాత్, నిజానికి అర అంగుళం కన్నాలున్న ఇనప జల్లెడ. 19 గేజ్ మందం తీగది తెచ్చి, స్టేపుల్స్‌ని నమ్మకుండా వాషర్లు వేసి స్క్రూలు బిగించాం. పైన గాలి కోసం వదిలిన సందుల్ని కూడా వదల్లేదు. గోడ మొదట్లోంచి బయటికి రెండడుగుల వెడల్పున అదే జల్లెడని నేల మీద పరిచి మేకులు దిగ్గొట్టాం. నక్కైనా కుక్కైనా గోడ మొదట్లోనే తవ్వుతుంది, కాళ్లకి ఇనుము తగిలితే రెండడుగులు వెనక్కి జరిగి తవ్వుదామని దానికి తట్టదు. ఇప్పుడు అందులోంచి గడ్డి మొలిచి, కింద ఏదో ఉందని కూడా తెలియడం లేదు.

గడియ విషయంలో మావారిది ఒకటే సూత్రం: మావాడు తీయగలిగింది రకూన్ కూడా తీస్తుంది. వాడి చేత వరసగా గడియలు పరీక్ష చేయించారు. వాడు రెండు వారాలు ఆ ఉద్యోగంలో మహా గర్వంగా ఉన్నాడు. చివరికి గడియకి కొండలెక్కేవాళ్లు వాడే స్ప్రింగ్ కొక్కెం కూడా తగిలిస్తే ఓడిపోయాడు.

పగటి శత్రువు గద్ద. ఎర్రతోక గద్ద ఒకటి రోజూ మా ఓక్ మీద వాలేది. "మీ తాతైతే ఉండేలుతో ఒక్కటిచ్చేవాడు" అంది అమ్మ. గద్దని కొడితే నేరమనీ, 1918లో వచ్చిన వలస పక్షుల చట్టం ఉందనీ అమ్మాయి అప్పజెప్పింది. మాటలు మళ్లీ కలిశాయి, పోట్లాటకైనా. కోళ్లు తిరిగే చోటుకి పైకప్పుగా కూడా జల్లెడే వేశాం. మావాడికి నా చిన్నప్పటి గద్ద, కోడిపిల్లల ఆట నేర్పితే, వాడు ఒక్కసారి కూడా కోడిపిల్లగా ఉండనన్నాడు.

అక్టోబరు మొదట్లో పగలు తలుపు తీసి ఉంచినప్పుడు గుడ్ల పెట్టెలోకి నల్లటి పాము దూరింది, నాలుగడుగుల పైనే ఉంటుంది. గొంతులో గుడ్డు ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. నేను చీపురు పట్టుకుని అక్కడే కొయ్యబారిపోయాను. అమ్మాయి పరుగున వెళ్లి అమ్మమ్మకి వీడియో కాల్ చేసి, కెమెరా పాము మీద పెట్టింది.

"జెర్రిపోతులా ఉందే. ఎలకల్ని తింటుంది, కొట్టకండి. దాని దారిన దాన్ని పోనివ్వండి."

"అదే చెప్తున్నా అమ్మమ్మా, అమ్మ వినట్లేదు!"

చీపురు పారేశాను. పాము తీరిగ్గా కంచె దాటిపోయింది. వాళ్లిద్దరూ అరగంట మాట్లాడుకున్నారు, నాతో ఎవరికీ పని లేకపోయింది.

ఇప్పుడు రోజూ చీకటి పడగానే పిల్లలిద్దరూ టార్చి పట్టుకుని వెళ్లి, కోళ్లని లెక్కపెట్టి తలుపేస్తారు. మావాడు "ఒకటి, రెండు, మూడు" అని తెలుగులోనే లెక్కపెడతాడు. మిగిలిన మేత ఇనప డబ్బాలో పోసి గరాజ్‌లో పెట్టడం అమ్మాయి వంతు. అప్పటికి అమ్మకి తెల్లవారుజాము, కాఫీ తాగుతూ ఉంటుంది. నిన్న ఫోన్ ఎత్తగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న:

"సమోసా ఇవాళైనా గుడ్డు పెట్టిందా?"