సెకండ్ హ్యాండ్ ఎక్స్‌కవేటర్, 60 ఓమ్‌ల లెక్క

పాత ఎక్స్‌కవేటర్ కొన్న కొత్తలో డిస్‌ప్లే మీద ఒకేసారి ఏడెనిమిది ఎర్రర్ కోడ్‌లు వచ్చేసరికి ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పోయిందనే అనుకున్నా, ఇంకోటి వెతకడం కూడా మొదలుపెట్టేశా. కానీ ఇంజిన్, హైడ్రాలిక్ కంట్రోలర్, మానిటర్ అన్నీ ఒకేసారి చచ్చిపోవు కదా, వాటి మధ్య సమాచారం మోసే క్యాన్ లైన్‌నే ముందు అనుమానించాలి.

బ్యాటరీ తీసేసి ఆ లైన్‌లోని రెండు వైర్లు, క్యాన్ హై, క్యాన్ లో మధ్య మీటర్ పెట్టా. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ప్యారలల్‌లో ఉంటాయి కాబట్టి 60 చూపించాలి, నాకు 120 వచ్చింది, అంటే ఒకదాని దాకా లైన్ అందట్లేదన్నమాట. (సున్నా దగ్గర చూపిస్తే రెండు వైర్లూ ఎక్కడో తగులుతున్నట్టు.) ఇక మిగిలింది ఓపికే, హార్నెస్ (వైర్ల కట్ట) మెల్లగా కదుపుతూ మీటర్ చూస్తూ కూర్చోడం. క్యాబ్ కింద ఒక కనెక్టర్ దగ్గర రీడింగ్ ఎగిరింది. విప్పితే పిన్నుకి పచ్చగా చిలుము! పైగా నాయిజ్ (పక్క కేబుళ్ళ నుంచి వచ్చే విద్యుత్ అలజడి) రెండు వైర్ల మీదా సమానంగా పడాలని కంపెనీ వాళ్ళు మెలేసి ఇచ్చిన జంటని ఎవరో మహానుభావుడు విడదీసి, టేప్ చుట్టి, ఆల్టర్నేటర్ కేబుల్ పక్కనే లాగాడు.

కనెక్టర్ మార్చి, వైర్లు మళ్ళీ మెలేసి కట్టా. 60 వచ్చింది. కోడ్‌లు క్లియర్ చేస్తే మళ్ళీ రాలేదు, ఈసీఎం అమ్ముతానన్నాయనకి వద్దని చెప్పడానికే కాస్త మొహమాటపడ్డా.