పొద్దున బియ్యం, సాయంత్రం బతుకమ్మ

ఆబ్రహ్మస్తంబపర్యంతం దేవర్షిపితృమానవాః ।
తృప్యంతు పితరః సర్వే మాతృమాతామహాదయః ॥

తర్పణంలో వచ్చే శ్లోకం ఇది. బ్రహ్మదేవుడి దగ్గర్నుంచి గడ్డి దుబ్బు దాకా, దేవతలు, ఋషులు, పితరులు, మనుషులు, తల్లి, తల్లి తండ్రి, ఆ వరసలో వెళ్ళిపోయిన వాళ్ళందరూ తృప్తి పడాలి అని అర్థం. పెత్తరమాస (మహాలయ అమావాస్య) నాడు పంతులుగారు దీన్ని గబగబా చదివేసి వెళ్ళిపోతుంటారు (పాపం, ఆ ఒక్క పూటలోనే ఆయన వాడకట్టంతా తిరగాలి), మనం కూడా అయిపోయిందా అన్నట్టు చూస్తూ నిలబడతాం. ఇన్నేళ్ళూ నేను అట్లాగే విన్నాను. మా అక్క కూతురు వేసిన ప్రశ్నల వల్ల ఈ రెండు పంక్తుల దగ్గర కాస్త ఆగాల్సి వచ్చింది.

అక్క పోయేనాటికి అది తొమ్మిదో తరగతి. అందరూ దాని ఏడుపు కోసం ఎదురుచూశారు గానీ అది ఏడవలేదు. రాత్రిళ్ళు దుప్పటి ముసుగేసుకుని వాళ్ళమ్మ పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు వినేది. వాటిలో గొప్ప మాటలేమీ ఉండవు, "పాలు పొంగిపోకుండ చూడు", "నాన్నకు ఫోన్ చేసి కొత్తిమీర తెమ్మను" లాంటివే. రీఛార్జ్ చేయకపోతే నంబరు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారని బావ ఇప్పటికీ అక్క సిమ్ బతికించే ఉంచాడు. ఆ మాట ఆయన మాతో అనలేదు, పిల్ల చెబితే తెలిసింది.

మొదటి ఏడు సంవత్సరీకం కాలేదు కాబట్టి ఆ ఇంట్లో పండుగ లేదు. కింద కాలనీలో ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతుంటే అది బాల్కనీలో నిలబడి చూసిందట. నాకు ఫోన్ చేసి పాటల గురించి ఒక్క ముక్క కూడా అనలేదు, "చిన్నమ్మా, ఈసారి గునుగు పువ్వు మస్తు ఖరీదుందట" అని మాత్రం అంది.

సంవత్సరీకం రోజు మేడ మీద విస్తరి పెట్టి కాకి కోసం కూర్చుంది. హైదరాబాద్‌లో కాకులెక్కడివి, అన్నీ పావురాలే, అవి వచ్చి మెతుకు మిగల్చకుండా తినేశాయి. "కాకి తింటే అమ్మ తిన్నట్టు అన్నరు గదా, మరి పావురం తింటే?" అంది. అది వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఏ పక్షి తిన్నా ఆకలి తీరింది కదా అన్నాను. ఆ జవాబు దానికి చాల్లేదని ముఖం చూస్తేనే తెలిసింది, నిజం చెప్పాలంటే నాకూ చాల్లేదు.

2025లో మహాలయ అమావాస్య సెప్టెంబరు 21, ఆదివారం వచ్చింది. భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా పితృపక్షం కదా, ఎవరి తిథికి వాళ్ళకు పెట్టుకోవచ్చు, భర్త ఉండగా పోయిన ఆడవాళ్ళకు అవిధవా నవమి అని వేరే రోజే ఉంది. ఇవన్నీ పాటించే వీల్లేని మాలాంటి వాళ్ళం అమావాస్య నాడే అందరికీ కలిపి బియ్యం ఇస్తాం. బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, నెయ్యి, బీరకాయలు, ఆలుగడ్డలు, ఓ గుమ్మడి ముక్క విస్తట్లో సర్ది, పైన దక్షిణ పెట్టి, పోయినవాళ్ళ పేర్లు చెప్పి పంతులుగారికి ఇవ్వడం. తెలంగాణలో కులంతో పని లేకుండా చాలా ఇళ్ళలో పెత్తరమాస అంటే ఇదే.

బావ దక్షిణం వైపు తిరిగి కూర్చున్నాడు. చేతిలో దర్భ, బొటనవేలు పక్క నుంచి నువ్వుల నీళ్ళు. ముందు ఆయన తండ్రి, తాత, ముత్తాత, వసురూపం, రుద్రరూపం, ఆదిత్యరూపం అంటూ వరసగా వెళ్తున్నాయి పేర్లు. ఆ తర్వాత కారుణ్య పితరుల జాబితా. భార్య, అన్నదమ్ములు, మేనమామ, మేనత్త, అత్తమామలు, గురువు, స్నేహితుడు అందరూ అందులోనే వస్తారు. అక్క పేరు అక్కడ వినపడింది. అంతే, పిల్ల గొంతు లేచింది. "అమ్మ పేరు ఫ్రెండ్స్ లిస్టులనా?"

మా అమ్మ దాన్ని గదమాయించబోయింది. పంతులుగారు ఆగి ఓపిగ్గా చెప్పారు. నీళ్ళు వదిలేది ఎవరైతే వాళ్ళ వైపు నుంచి వరస లెక్కపెడతారు బిడ్డా, మీ నాన్నకు ఆమె భార్య కాబట్టి అక్కడ వచ్చింది అని. అది రెండు క్షణాలు ఆలోచించి, "అంటే నేనిస్తే అమ్మ ఫస్టే వస్తది గదా" అంది. లెక్కలో దానికి ఎప్పుడూ మంచి మార్కులే.

ఇలాంటి చోట 'ఆడపిల్లవు, నీకెందుకు' అనే మాట నోటిదాకా రావడం మన ఇళ్ళలో కొత్తేం కాదు. ఆ పెద్దాయన మాత్రం గయలో ఫల్గు నది ఒడ్డున సీతమ్మ ఇసుకతో దశరథుడికి పిండం పెట్టిన కథ చెప్పారు. రాముడు సామాన్లకని వెళ్ళి ఇంకా రాలేదు, వేళ మించిపోతోంది, మామగారి చేతులు ఎదుట కనపడుతున్నాయి, చేతికి దొరికింది ఇసుకే. అక్కడ సీతాకుండ్ దగ్గర ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. "నీళ్ళు నాన్న వదలనీ, బియ్యం నీ చేతుల మీదుగా ఇయ్యి" అని విస్తరి దాని ముందుకు జరిపారు. అప్పుడు పేర్లు దాని వైపు నుంచి మొదలయ్యాయి. ముందు అమ్మ. మాతామహుడు అన్నప్పుడు మా నాన్న పేరు. మా అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని కూతురి పేరూ మొగుడి పేరూ ఒకే చోట వింది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

శ్లోకంలో మాతృమాతామహాదయః అని ఎందుకుందో ఆ పూట నాకు తట్టింది. తల్లిని ఒంటరిగా పిలవడం లేదు, ఆమెను వాళ్ళ నాన్న పక్కన కూర్చోబెట్టి పిలుస్తున్నాం. పోయినవాళ్ళ గురించి పిల్లల భయం ఏమిటంటే అమ్మ ఎక్కడో ఒక్కతే ఉందేమో అని. అది నాతో ఎప్పుడూ పైకి అనలేదు గానీ ఆ రోజు పంతులుగారిని అడిగిన ఒకే ఒక్క ప్రశ్న "తాత, అమ్మ ఒక్క దగ్గరనే ఉంటరా?" తర్పణం చివర తడి బట్ట పిండి ఆ నీళ్ళు వదులుతారు, మన వంశంలో పుట్టి పిల్లలు లేకుండా పోయినవాళ్ళ కోసం అని. ఎవ్వరూ లేనివాళ్ళను కూడా లెక్కలో వేసుకునే క్రతువులో మా అక్కకు చోటు లేకుండా ఎట్లా పోతుంది?

మధ్యాహ్నం అన్నాలు అయ్యాక అసలు పని మొదలైంది. పెత్తరమాస సాయంత్రమే ఎంగిలి పూల బతుకమ్మ, తొమ్మిది రోజుల్లో మొదటిది. పొద్దున పెద్దలకు నువ్వుల నీళ్ళు, సాయంత్రం గౌరమ్మకు నువ్వులు, నూకలు నైవేద్యం. రెండూ ఒకే రోజు పెట్టినవాళ్ళు ఎవరో గానీ దుఃఖం తెలిసినవాళ్ళు అనిపిస్తుంది నాకు. ఇది నా ఊహ మాత్రమే, ఏ పురాణంలోనూ చదివింది కాదు.

ముందు రోజే గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తంగేడు, గునుగు తెచ్చాం. బతుకమ్మ నేను పేరుస్తానంటే పిల్ల ఒప్పుకోలేదు. ఫోన్‌లో పాత ఫొటో తీసి, వేళ్ళతో పెద్దది చేసి, వాళ్ళమ్మ ఏ వరస తర్వాత ఏ వరస పెట్టిందో చూసుకుంటూ కూర్చుంది. తాంబాళంలో గుమ్మడాకులు, చుట్టూ తంగేడు, ఆ పైన తెల్ల గునుగు, తర్వాత రంగు నీళ్ళలో ముంచిన గునుగు, బంతి, మళ్ళీ తంగేడు. నడుమ బోలుగా ఉండకుండా తరిగిన కాడలూ ఆకులూ కూరాలి, లేకపోతే మూడో వరసకే కుంగిపోతుంది, అది ఫొటోలో కనపడదు కాబట్టి నేను చెప్పాను. గునుగు కాడలన్నీ ఒకే పొడుగు కోయడానికి దానికి గంట పట్టింది. వేళ్ళకు గులాబి రంగు, గోళ్ళ కింద ఆకు పసరు. అక్క బతుకమ్మ ఎప్పుడూ ఓ పక్కకు ఒరిగి ఉండేది, ఏటా నవ్వేవాళ్ళం. దీనిది నిటారుగా వచ్చింది. పైన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ పెట్టాక కాస్త వెనక్కి జరిగి చూసి, "ఇది అమ్మది లెక్క లేదు" అని గునిసింది, మా అమ్మేమో "మీయమ్మ మొదటిసారి పేర్చింది గూడ నిటారుగనే ఉండె, పెండ్లయినంకనే వంకరవోయింది" అనేసరికి బావతో సహా అందరం నవ్వాం.

ఆట అయ్యాక వేళ్ళు చూపించింది. "ఏటా అమ్మకు గూడ ఇట్లనే మండెనా?" మండేవి మరి. ఇన్ని వాయిస్ మెసేజ్‌లు విన్నా దానికి తెలియని సంగతి అది. క్రతువు వల్ల పోయినవాళ్ళు కనపడతారని నేను ఎవరికీ చెప్పను. వాళ్ళు చేసిన పని మన చేతికి వస్తుంది, అంతవరకు మాత్రం నేను కళ్ళారా చూశాను. ఇంట్లో తల్లో తండ్రో పోయిన పిల్లలుంటే, బాధపడతారని వాళ్ళను పక్క గదిలో కూర్చోబెట్టకండి, విస్తరి సర్దడమైనా వాళ్ళకు అప్పజెప్పండి. ప్రశ్నలు అడుగుతారు, అడగనివ్వండి.

వచ్చే ఏడు అవిధవా నవమి నాడు కూడా ఇస్తానని ఇప్పుడే చెప్పేసింది. ఒక నోట్‌బుక్ పెట్టి అమ్మ వైపు పేర్లన్నీ రాస్తోంది. తాత, ముత్తాత దొరికారు. తాత వాళ్ళమ్మ పేరు మాత్రం ఎవరికీ తెలియదు, ఊరంతా పెద్దవ్వ అనే పిలిచేవాళ్ళట. పాత ఓటరు లిస్టులో ఉంటుందేమో కనుక్కొమ్మని వారం రోజులుగా మా తమ్ముడి వెంట పడింది, వాడేమో పంచాయతీ ఆఫీసుకు సోమవారం పోతా అంటున్నాడు.