రీకాల్ కబురు పాత ఓనర్‌కే వెళ్తుంది

నెల్లూరులో సెకండ్ హ్యాండ్‌లో కొని, ఏపీ నంబర్‌తోనే చెన్నైలో తిప్పుతున్న కారా మీది? దానికి రీకాల్, అంటే లోపమున్న భాగాన్ని సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం, వచ్చినా మీకు తెలియకపోవచ్చు. మెసేజ్, ఫోన్ వెళ్లేది కంపెనీ రికార్డులో ఉన్న నంబర్‌కు. చాలాసార్లు అది మొదటి ఓనర్‌ది. ఆయనేమో సర్వీస్ ఆఫర్ అనుకుని చెరిపేస్తాడు. ఆర్సీ మీ పేరుకు మారినంత మాత్రాన కంపెనీ రికార్డు మారదు.

అందుకే మనమే చూసుకోవాలి. కావలసింది 17 స్థానాల ఛాసిస్ నంబర్. ఆర్సీలోనూ, ఇన్సూరెన్స్ పాలసీలోనూ ఉంటుంది. కంపెనీ సైట్‌లో ‘రీకాల్’ కనబడకపోతే ‘సర్వీస్ క్యాంపెయిన్’ అని వెతకండి; రీకాల్ అనే మాటంటే కంపెనీలకు కాస్త మొహమాటం. ఈ నంబర్లలో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. గుండ్రంగా కనిపిస్తే సున్నా, నిలువు గీతైతే ఒకటి.

మోడల్ పేరు చూసి ‘మనది కాదులే’ అనుకోవద్దు. 2023 జనవరిలో మారుతి 17,362 బళ్లను ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం వెనక్కి పిలిచింది. ఆల్టో కె10 నుంచి గ్రాండ్ విటారా దాకా ఉన్నాయందులో, కానీ 2022 డిసెంబర్ 8, 2023 జనవరి 12 మధ్య తయారైనవి మాత్రమే. అనుమానమున్న బండిని ఆ భాగం మార్చేదాకా నడపొద్దనీ చెప్పింది.

పాత బళ్లలో టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల సంగతి చెన్నైవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. వాటి ఇన్‌ఫ్లేటర్లో, అంటే బ్యాగును ఉబ్బించే భాగంలో, గ్యాస్ పుట్టించేది అమ్మోనియం నైట్రేట్. ఏళ్ల తరబడి ఎండ, ఉక్కపోత తగిలి అది చెడిపోతే, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే క్షణంలో మరీ వేగంగా మండి లోహపు డబ్బానే పగలగొడుతుంది. ఆ ముక్కలు మొహానికి, మెడకు తగులుతాయి. ముందుగా డ్యాష్‌బోర్డులో లైటు వెలగదు, చప్పుడూ రాదు. ‘బండి బాగానే ఉందిగా’ అన్న మాట ఇక్కడ పనికిరాదు.

కొన్న ఊరికే వెళ్లక్కర్లేదు, చెన్నైలోనే ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఏదైనా చాలు. ముందు ఫోన్ చేసి ఛాసిస్ నంబర్ చెప్పి, పార్టు వచ్చిందో లేదో కనుక్కుని వెళ్లండి. లేకపోతే బండి అక్కడే పడుంటుంది. రీకాల్ పనికి పార్టు, లేబర్ రెండూ ఉచితం. జాబ్ కార్డులో క్యాంపెయిన్ పేరు రాయించండి. పనిలోపనిగా అలైన్‌మెంట్, క్లీనింగ్ అంటూ కలిపితే వద్దనండి. డబ్బులడిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

మన దగ్గర రీకాళ్లు ఎక్కువగా కంపెనీలు తమంతట తామే ప్రకటిస్తాయి. మోటారు వాహనాల చట్టం 110ఏ సెక్షన్ కింద కేంద్రం ఆదేశించనూ వచ్చు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం అలా ఆదేశించిన రీకాల్‌కు కంపెనీపై జరిమానా రూ.10 లక్షల నుంచి కోటి దాకా. ఈ ఆదేశం, జరిమానా వర్తించేది తయారై ఏడేళ్లు దాటని బళ్లకే.

పని ముగిశాక సున్నా బిల్లు తీసుకుని, క్యాంపెయిన్ పూర్తయినట్టు సిస్టమ్‌లో ఎక్కిందో లేదో చూపించమనండి. అదే కౌంటర్‌లో పాత ఓనర్ ఫోన్ నంబర్ తీయించి మీది పెట్టించండి.