పైపు స్ట్రెస్ డ్రాయింగు దానంతటదే తయారయ్యేలా: ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చింది

హన్మకొండలో ఇంటి దగ్గర, ఆదివారాలు, పండగ సెలవులు చూసుకుని చేస్తున్న పని ఇది. పైపు స్ట్రెస్ ఐసోమెట్రిక్‌ను (పైపును ఏటవాలు కోణంలో త్రీడీలా గీసి, సపోర్టుల మీద పడే లోడ్లు రాసిన డ్రాయింగు, క్లుప్తంగా ఐసో) చేత్తో గీయకుండా, త్రీడీ మోడల్ వివరాల నుంచి, స్ట్రెస్ ఫలితాల నుంచి నేరుగా తయారు చేసే పైథాన్ స్క్రిప్టు. ఉద్యోగంలో నేను చూసేది పైపింగ్ స్ట్రెస్సే, అంటే బరువుకూ వేడికీ పైపు మీద, సపోర్టుల మీద ఎంత లోడు పడుతుందో లెక్కగట్టడం. అయితే ఆఫీసు ఫైలు ఒక్కటి కూడా ఇందులో వాడలేదు, వాడను. నా నమూనా లైను నేనే కల్పించుకున్నాను: 6 అంగుళాల స్టీమ్ లైను, షెడ్యూల్ 40 (గోడ మందం తరగతి), 180 డిగ్రీల సెల్సియస్, పైపు ర్యాక్ (పైపుల్ని మోసే చట్రం) మీదుగా వచ్చి, మధ్యలో ఒక బైపాస్ (పక్కదారి పైపు) దాటి, హీట్ ఎక్స్‌ఛేంజర్ నాజిల్ (పైపు తగిలించే మూతి) దగ్గర ఆగుతుంది. హైదరాబాద్‌లో సీజర్ టూ (పైపు స్ట్రెస్ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) లైసెన్సు ఉన్న మిత్రుడు దాన్ని రన్ చేసి ఫలితాలు పంపాడు.

ఈ పని ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలి. స్ట్రెస్ వాళ్లం లెక్క చేసి లోడ్లు తీస్తాం. వాటిని ఒకరు ఎక్సెల్‌లో ఎక్కిస్తారు. డ్రాఫ్ట్స్‌మన్ ఐసో మీద రాస్తాడు. సివిల్ వాళ్లు ఆ కాగితం చూసి తమ స్ట్రక్చర్ మోడల్‌లో కొడతారు. ఒకే అంకె మూడు చేతులు మారుతుంది. ఈలోగా లేఅవుట్‌లో ఎవరో ఒక సపోర్టును అర మీటరు జరుపుతారు. ఆ కబురు అందరికీ చేరేసరికి స్టీలు ఆర్డరు వెళ్లిపోయి ఉంటుంది. రామగుండం, చెల్పూరు, జైపూర్ (మంచిర్యాల జిల్లా) లాంటి చోట్ల కరెంటు ప్లాంట్లు ఉన్న ప్రాంతం మాది. ఇక్కడ ఇంజినీరింగ్ చదివిన చాలామంది ఏదో ఒక దశలో ఇలాంటి డ్రాయింగుల ముందు కూర్చున్నవాళ్లే. అందుకే వివరంగా రాస్తున్నాను.

బతుకమ్మ సెలవుల్లో: పైపును చదవడం

త్రీడీ మోడల్ నుంచి పిసిఎఫ్ అనే ఫైలు వస్తుంది. మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. పైపు, ఎల్బో, టీ, వాల్వ్, సపోర్టు, ఒక్కోదానికి ఒక్కో బ్లాకు. పైపు బ్లాకులో రెండు ఎండ్ పాయింట్లు ఉంటాయి: తూర్పు, ఉత్తరం, ఎత్తు అనే మూడు కొలతలు మిల్లీమీటర్లలో, పక్కన పైపు సైజు. సపోర్టు బ్లాకులో ఒకటే పాయింటు, కింద దాని పేరు, పీఎస్-107 లాగా. వరుస మొదట్లో ఖాళీ లేకపోతే కొత్త బ్లాకు, ఖాళీ ఉంటే పై బ్లాకులో భాగం. ఈ ఒక్క నియమంతోనే ఫైలంతా చదివేయొచ్చు, పెద్ద లైబ్రరీ ఏదీ అక్కర్లేదు.

అసలు పని దాన్ని స్ట్రెస్ మోడల్‌తో కలపడంలో ఉంది. పిసిఎఫ్‌లో మూడో కొలత ఎత్తు. స్ట్రెస్ మోడల్‌లో సాధారణంగా ఎత్తు వై అక్షం. ఎక్స్‌ను తూర్పుగా ఉంచి వైని పైకి తిప్పితే, ఉత్తరం మైనస్ జెడ్ అవుతుంది. ఈ మైనస్‌ను వదిలేస్తే లైను అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. తిన్నగా ఉన్న లైన్లలో అది కంటికి ఆనదు, గైడు (పైపు పక్కకు కదలకుండా ఆపే సపోర్టు) లోడు మాత్రం ఉత్తరానికి బదులు దక్షిణానికి పోతుంది. అందుకే స్క్రిప్టు మొదట నాజిల్‌ను ఆధారంగా తీసుకుని, మిగతా సపోర్టులన్నీ రెండు ఫైళ్లలో 5 మిల్లీమీటర్ల లోపు సరిపోతున్నాయా చూస్తుంది. సరిపోకపోతే డ్రాయింగు గీయదు, ఏ సపోర్టు దగ్గర ఎంత తేడా ఉందో చెప్పి ఆగిపోతుంది. ఈ ఆగిపోవడమే నాకు అన్నిటికన్నా విలువైనది. లేఅవుట్ మారిందనీ, స్ట్రెస్ లెక్క ఇంకా పాతదేననీ అక్కడే బయటపడుతుంది.

ఎల్బోల దగ్గర ఈ 5 మిల్లీమీటర్లు పనికిరావు. పిసిఎఫ్ ఇచ్చే సెంటర్ పాయింటు రెండు పైపుల మధ్య రేఖలు కలిసే మూల. సీజర్‌లో వంపు నోడ్ (లెక్క కోసం నంబరు ఇచ్చిన బిందువు) ఉండేది వంపు అవతలి వెల్డ్ దగ్గర. 6 అంగుళాల లాంగ్ రేడియస్ ఎల్బోకి ఈ రెంటి మధ్య దూరం 229 మిల్లీమీటర్లు. కాబట్టి ఎల్బోలకు సెంటర్ పాయింటును పక్కన పెట్టి, అవతలి ఎండ్ పాయింటుతో పోలుస్తున్నాను.

దీపావళి దాటాక: గీత

ఐసో గీయడం లెక్కగా చూస్తే తేలిక. తూర్పు, ఉత్తరం కొలతల్ని 30 డిగ్రీల కోణంలో పక్కకు పంచి, ఎత్తును నిలువుగా కలిపితే చాలు. ఈజీడీఎక్స్ఎఫ్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీతో డీఎక్స్ఎఫ్ (క్యాడ్ డ్రాయింగు) ఫైలు రాసి, లిబ్రేక్యాడ్ అనే డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తున్నాను.

కానీ స్కేలు ప్రకారం గీస్తే ఎవరూ చదవలేరు. ర్యాక్ మీద పొడుగు పైపు కాగితమంతా ఆక్రమిస్తుంది, బైపాస్ దగ్గర నాలుగు వాల్వులు ఒక మూల ఇరుక్కుంటాయి. ఒక్కో పైపు పొడవును విడిగా కుదిస్తే ఇంకో చిక్కు: బైపాస్ లాంటి మూసుకునే దారుల్లో చివర్లు కలవవు. చివరికి కుదిరిన పద్ధతి ఇది. తూర్పు దిక్కున ఉన్న కొలతలన్నీ వరుసలో పెట్టి, పక్కపక్క కొలతల మధ్య ఖాళీలను మాత్రమే వర్గమూలంతో కుదించాలి. 9 మీటర్ల ఖాళీ 1 మీటరు ఖాళీకి మూడు రెట్లే కనిపిస్తుంది. ఉత్తరానికీ, ఎత్తుకూ అంతే. ఒకే చోట ఉన్న రెండు పాయింట్లు ఒకే చోట మిగులుతాయి కాబట్టి ఏ దారీ తెగిపోదు. 45 డిగ్రీల పైపులు కాస్త కోణం మారతాయి, స్ట్రెస్ ఐసోలో దాంతో నష్టం లేదు, అసలు కొలతలు పక్కన రాసే ఉంటాయి.

హన్మకొండ చౌరస్తాలో ఏ3 ప్రింటు తీయించి, దాన్నే మళ్లీ జిరాక్స్ చేయించాను. సైటులో చేతికొచ్చేది జిరాక్సే కదా. 2.5 మిల్లీమీటర్ల అక్షరాలు జిరాక్సులో పూడుకుపోయాయి. 3 మిల్లీమీటర్లకు పెంచాను.

సివిల్ వాళ్లకు ఏం కావాలి

కరీంనగర్‌లో స్ట్రక్చరల్ డిజైన్ చేసే తమ్ముడికి ప్రింటు చూపించాను. లోడ్ల పట్టిక చూడగానే, "అన్నా, నోడ్ నంబర్లు నాకెందుకే? ఏ బీము మీద, ఏ దిక్కుకు, ఎంత పడుతదో అది రాయి. మైనస్ అంటే కిందికా పైకా అని ఆలోచించుకుంట కూసునే టైం ఎక్కడుంటది?" అన్నాడు. ఆ మాటతో పట్టిక మొత్తం మార్చాను.

ఇప్పుడు నోడ్ నంబరు చివరి కాలమ్‌లో చిన్నగా ఉంటుంది. మొదట సపోర్టు పేరు, తర్వాత గ్రిడ్ (ప్లానులో అది ఉన్న చోటు), ఎత్తు, ఆ తర్వాత లోడ్లు. ఎక్స్, వై, జెడ్ ఎక్కడా లేవు. "కిందికి 2.2, ఉత్తరానికి 0.7" అని కిలోన్యూటన్లలో మాటలతోనే ఉంటుంది. సీజర్ రిపోర్టులో ఇచ్చేది సపోర్టు మీద పైపు వేసే లోడే కాబట్టి, సివిల్ వాళ్లు గుర్తు తిప్పుకోవాల్సిన పని లేదు. ఆ సంగతి పట్టిక పైనే రాశాను.

తమ్ముడు పట్టుబట్టిన ఇంకో విషయం హైడ్రోటెస్టు, అంటే పైపులో నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చేసే పరీక్ష. 6 అంగుళాల షెడ్యూల్ 40 పైపు మీటరుకు 28.3 కిలోలు. టెస్టులో నీళ్లు నింపితే మరో 18.6 కిలోలు. 6 మీటర్లకొక సపోర్టు ఉంటే, ఒక్కోదాని మీద పైపు, నీళ్లు కలిపి సుమారు 2.8 కిలోన్యూటన్లు. ఇన్సులేషన్‌తో కలిపి నడిచేటప్పటి లోడు 2.2 మాత్రమే. స్టీమ్ లైన్లకు ఆపరేటింగ్ లోడు ఒక్కటే పంపితే నిలువు లోడు తక్కువ పడుతుంది. అడ్డం లోడు మాత్రం వేడెక్కినప్పుడే వస్తుంది: స్టీలు మీద స్టీలు జారితే ఘర్షణ గుణకం 0.3 తీసుకుంటాం, అందుకే ఆ 0.7. కాబట్టి ప్రతి సపోర్టుకూ రెండు వరుసలు విడివిడిగా ఇస్తున్నాను. రెండింట్లో పెద్ద అంకెలు ఏరి ఒకే వరుస చేయడం నాకు నచ్చదు. ఒకేసారి రాని లోడ్లను కలిపితే బీము అనవసరంగా బరువెక్కుతుంది.

లేఅవుట్ వాళ్లకు లోడుతో పనిలేదు, కదలికతో పని. యాంకర్ (పైపు ఎటూ కదలకుండా బిగించిన చోటు) నుంచి 20 మీటర్ల దూరంలో, 30 డిగ్రీల నుంచి 180కి వేడెక్కితే కార్బన్ స్టీలు సుమారు 36 మిల్లీమీటర్లు సాగుతుంది. పక్క లైను ఇన్సులేషన్‌కు తగులుతుందా, షూ (పైపు కింద ఉండే స్టీలు పాదం) బీము మీద నుంచి జారిపోతుందా అన్నది వాళ్లు చూడాలి. అందుకని ఒకే డీఎక్స్ఎఫ్‌లో వేర్వేరు లేయర్లు పెట్టాను: సివిల్‌కు లోడ్లు, లేఅవుట్‌కు కదలికలు, మెకానికల్‌కు నాజిల్ లోడ్లు. గీత అందరికీ ఒకటే.

సంక్రాంతి తర్వాత: ఏం మారింది

నా దృష్టిలో మొత్తం పనికి ప్రాణం ఇదే. స్క్రిప్టు ప్రతి రివిజన్ పట్టికనూ ఒక సీఎస్‌వీ ఫైలులో దాచుకుంటుంది. కొత్త రివిజన్ రాగానే సపోర్టు పేరు పట్టుకుని పాతదానితో పోలుస్తుంది. నోడ్ నంబర్లతో పోల్చకూడదు, మధ్యలో ఒక వాల్వు చేరితే అవి ఎప్పుడైనా మారిపోతాయి. సపోర్టు పేరు మాత్రం మోడల్‌లో పుట్టి సైటు దాకా వెళ్తుంది. లోడు 10 శాతం దాటి, కనీసం 1 కిలోన్యూటన్ మారినా, సపోర్టు 25 మిల్లీమీటర్లు జరిగినా, రకం మారినా, ఐసో మీద దాని చుట్టూ మేఘం గీత పడుతుంది. పక్కన పాత అంకె, కొత్త అంకె రెండూ ఉంటాయి. ఈ హద్దులు తమ్ముడితో కూర్చుని ఖాయం చేసినవి. అంతకన్నా చిన్న మార్పులకు అతని బీము సైజు మారదు. తీసేసిన సపోర్టులకు వేరే చిన్న పట్టిక ఉంది. డ్రాయింగులో లేని వస్తువును ఎవరూ వెతకరు, కాబట్టి అది తప్పనిసరి.

నమూనా లైనులో ఒక గైడును లైన్ స్టాప్‌గా (పైపు పొడవు దిశలో కదలకుండా ఆపే సపోర్టుగా) మార్చి చూశాను. ఆ ఒక్కదాని చుట్టే కాక, ముందు వెనక ఉన్న సపోర్టుల చుట్టూ, నాజిల్ దగ్గర కూడా మేఘాలు పడ్డాయి. లేఅవుట్‌లో ఒక చిన్న మార్పు ఎవరెవరిని తాకుతుందో ఒక్క కాగితంలో కనిపించింది.

మిగిలినవి: స్ప్రింగ్ సపోర్టులకు కోల్డ్ లోడు (చల్లగా ఉన్నప్పటిది), హాట్ లోడు (వేడెక్కాక), ప్రయాణం (స్ప్రింగు కదిలే దూరం), ఆ రెండు లోడ్ల తేడా శాతం ఒకే చోట చూపించాలి. తేడా 25 శాతం దాటితే ఎరుపు రంగు. నాజిల్ దగ్గర వెండర్ అనుమతించిన లోడు, మనది, పక్కపక్కన రావాలి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడకుండా ప్రతి లేబుల్‌కూ చుట్టూ ఎనిమిది చోట్లు వెతికే భాగం పనిచేస్తోంది కానీ, బైపాస్ దగ్గర ఇంకా ఇరుకే. వచ్చే ఆదివారం దాంతోనే మొదలుపెడతాను, స్ప్రింగులు ఆ తర్వాత.