ఊరికే ఇచ్చిన బంటు

చెన్నై విల్లివాక్కంలో మా చెస్ క్లబ్బుకి ఆదివారం మధ్యాహ్నం వచ్చేవాళ్లలో సగంమంది పిల్లలే. యాభై దాటిన నాకు నల్లపావులు పడితే జాలిగా చూస్తారు. నాకేమో నల్లవే ఇష్టం. మొదటి ఎత్తు తెల్లవాళ్లది కాబట్టి ఏదో ఒకటి చేసి చూపించాల్సిన తొందర అవతలివాడిది కదా.

ఈ వారం ఎదురుగా ఇంజనీరింగ్ కుర్రాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బంటుని ఈ4 గడికి తోశాడు, నేను ఈ6కి. ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఆరంభం. మూడో ఎత్తుకే బంటుని ఈ5కి తోసి, కాసేపటికి డీ4 బంటుని నాకు వదిలేశాడు. మిల్నర్-బారీ గాంబిట్, అంటే దాడి కోసం కావాలని బంటు వదులుకునే ఎత్తుగడ. ఆ మిల్నర్-బారీ రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లండ్‌లోని బ్లెచ్లీ పార్కులో జర్మన్ల రహస్య సందేశాలు విప్పినవాళ్లలో ఒకడు. అక్కడ సిబ్బంది చాలడం లేదని 1941లో చర్చిల్‌కి రాసిన ఉత్తరాన్ని స్వయంగా పట్టుకెళ్లింది ఆయనే. అలాంటివాడు ఊరికే బంటు ఇస్తాడా?

ఆ బంటు తినడానికి ఒక వరస ఉంది. ఆత్రపడి గుర్రంతో తిని, అతను దాన్ని తన గుర్రంతో తింటే తిరిగి మంత్రితో ఆ గుర్రాన్ని తిన్నామా, తెల్ల శకటు బీ5కి వచ్చి చెక్ చెబుతుంది, దాని వెనక దారి తెరుచుకుని మన మంత్రి పోతుంది. క్లబ్బుల్లో ఈ ఉచ్చులో ఎంతమంది పడ్డారో! అందుకే ముందు నా శకటుని డీ7లో పెట్టి, ఆ తర్వాతే తిన్నాను. ఈ5 బంటు కూడా కాపలా లేకుండానే ఉంది, ముట్టుకోలేదు. ఏ6 ఆడి అతని గుర్రం బీ5కి రాకుండా ఆపాను. నా రెండో గుర్రం ఈ7, సీ6, బీ4 మీదుగా తిరిగి తిరిగి అతని మంచి శకటుని పట్టుకుంది. దాంతో దాడి చల్లారింది.

మిగిలిందంతా మార్పిళ్లే. ఏనుగులు, మంత్రులు, చివరికి నా శకటుకి అతని గుర్రం. రాజులూ బంటులే మిగిలాక డీ5 బంటుకి అడ్డొచ్చేవాడు లేడు. కుర్రాడు చెయ్యి చాపి, "సింగపూర్‌లో గుకేశ్ చేసినట్టు చేశారే అంకుల్!" అన్నాడు.

అంత లేదు గానీ, పోలిక నచ్చింది. 2024 డిసెంబర్ 12న ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆటలో మన చెన్నై కుర్రాడు గుకేశ్‌వి కూడా నల్లపావులే. 55వ ఎత్తులో అతని ప్రత్యర్థి, చైనా ఆటగాడు డింగ్ ఏనుగుని ఎఫ్2కి తేగానే గుకేశ్ ఏనుగుల్ని, శకట్లని మార్చేసి బంట్ల ఆటలోకి దింపాడు. మూడు ఎత్తుల్లో ముగిసింది.

వచ్చే వారం తెల్లవి నావి. వాడు ఫ్రెంచే ఆడతాట్ట. ఆడనీ, మూడో ఎత్తుకే బంట్లు మార్చేసి ఎక్స్ఛేంజ్ వేరియేషన్‌తో ఆవలింతలు తెప్పిస్తాను.